ఎదుగుదల లోపాల స్క్రీనింగ్: కేస్ మేనేజర్ ఏం చేయాలి, ఏ వరసలో చేయాలి

స్వచ్ఛంద సంస్థల్లో కొత్తగా చేరిన కేస్ మేనేజర్లు, ఫీల్డ్ వర్కర్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది: "ఫారం ఇచ్చారు, ఊళ్ల లిస్టు ఇచ్చారు. ఇంటికి వెళ్లాక ఏం చేయాలి?" ఫారంలో గడులుంటాయి గానీ ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఉండదు. ఆ వరస కోసమే ఇది.

ఇక్కడ రాసింది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పనిచేసేవాళ్లకు. మేధో వైకల్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు అదుపు తప్పడం), ఇవి ఒకటికి మించి కలిసిన బహుళ వైకల్యం ఉన్నవాళ్లను గుర్తించి, సేవ అందేదాకా వెంట ఉండటం ఎలాగో చూద్దాం.

## 1. మీ పని ఎక్కడిదాకా?

స్క్రీనింగ్ అంటే అనుమానం ఉందా లేదా తేల్చడం. జబ్బు పేరు చెప్పడం, ఐక్యూ కొలవడం, వైకల్య శాతం వేయడం మీ పని కాదు. తెలివి పరీక్షలు, ఆటిజం స్కేళ్లు చేయాల్సింది రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టరైన నిపుణులు, డాక్టర్లు.

మీరు చేయాల్సినవి:

- అనుమానం ఉన్నవాళ్లను గుర్తించడం
- రోజువారీ జీవితంలో వాళ్లు ఏం చేయగలుగుతున్నారో రాయడం
- సరైన చోటికి పంపడం, వాళ్లు వెళ్లారో లేదో కనుక్కోవడం
- సర్టిఫికెట్ వచ్చాక పెన్షన్, బడి, థెరపీ, బీమా అందేదాకా ఫైలు తెరిచే ఉంచడం

చేయకూడనివి: "మీ బాబుకు ఆటిజం ఉంది" అని గుమ్మంలో నిలబడి చెప్పడం, "70 శాతం వస్తుందిలెండి" అని భరోసా ఇవ్వడం. రెండోదాని వల్ల వచ్చే గొడవ మామూలుగా ఉండదు. రేపు 40 వచ్చినా మిమ్మల్నే అడుగుతారు, 30 వచ్చినా మిమ్మల్నే అడుగుతారు.

## 2. బయల్దేరే ముందు

ఊరికి వెళ్లేముందు ఒక గంట కూర్చుంటే ఊళ్లో ఒక రోజు మిగులుతుంది.

ముందు అంగన్‌వాడీ టీచర్, ఆశా, ఏఎన్ఎంలతో మాట్లాడండి. బడి ఉంటే హెడ్‌మాస్టర్‌తో, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉండే భవిత కేంద్రంలోని ప్రత్యేక ఉపాధ్యాయులతో కూడా. ఆశాలను ఇలా అడగండి: "ఎన్‌ఐసీయూలో (నవజాత శిశువుల ఐసీయూలో) ఉండి వచ్చిన పిల్లలెవరు? పుట్టగానే ఏడవనివాళ్లెవరు? బడికి రాకుండా ఇంట్లోనే ఉంటున్నవాళ్లెవరు?" "వికలాంగులు ఎవరైనా ఉన్నారా?" అని అడిగితే కాళ్లు చేతులు సరిగా లేనివాళ్ల పేర్లే చెప్తారు.

పెద్దవాళ్ల గురించి విడిగా అడగాలి. ఏ ఊరి లిస్టులోనైనా తప్పిపోయేది 30, 40 ఏళ్లవాళ్లే. చిన్నప్పుడు బడి మానేసి, గొడ్ల దగ్గరో ఇంటి వెనకో ఉండిపోయినవాళ్లు వాళ్లు. ఆశాల లిస్టు గర్భిణులు, చిన్నపిల్లల చుట్టూ తిరుగుతుంది కాబట్టి వీళ్లు అందులో ఉండరు. రేషన్ కార్డుల లిస్టు పట్టుకుని ఊరి పెద్దావిడ ఒకరితో పది నిమిషాలు కూర్చోండి, బయటికొస్తారు.

సంచిలో ఉండాల్సినవి:

- సమ్మతి పత్రం, తెలుగులో, చదివి వినిపించడానికి వీలుగా
- మీ సంస్థ వాడే వయసువారీ ప్రశ్నావళి
- ఒక గిలక్కాయ, రెండు మూడు రంగుల చెక్క ముక్కలు, ఒక బంతి, బొమ్మల పుస్తకం
- రిఫరల్ స్లిప్పులు, జిల్లాలోని కేంద్రాల ఫోన్ నంబర్లు, పనిచేసే రోజులు
- ఫైలు కవర్లు. చాలా ఇళ్లలో కాగితాలు ప్లాస్టిక్ కవర్లో చుట్టి బియ్యం డబ్బా వెనక ఉంటాయి.

## 3. గుమ్మం దాటాక మొదటి కాసేపు

ముందు ఆ వ్యక్తినే పలకరించండి. జవాబు రాకపోయినా సరే. ఎదుటివాళ్లకు ముప్పై ఏళ్లుంటే "మీరు" అనండి. అమ్మతో మాట్లాడుతూ "వీడికి మాటలొచ్చా?" అని అడిగితే, అక్కడ కూర్చున్న మనిషికి అర్థం కాదని మీరే తేల్చేసినట్టు.

తర్వాత ఎందుకొచ్చారో చెప్పండి. "సర్వేకి వచ్చాం" అనకండి. పెన్షన్ తీసేసే సర్వే అనుకుని తలుపేస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో దివ్యాంగ పెన్షన్ల పునఃపరిశీలన జరిగాక ఈ భయం ఇంకా పెరిగింది. "సేవలు ఏం కావాలో చూసి దారి చెప్పడానికి వచ్చాం, పెన్షన్ ఇవ్వడం, ఆపడం మా చేతుల్లో లేదు" అని ముందే తేల్చి చెప్పండి.

సమ్మతి తీసుకున్నాకే పెన్ను తీయాలి. ఫొటోకు విడిగా అడగాలి. ఊరి వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టి "ఈ పాపకు సాయం కావాలి" అనడం మంచి ఉద్దేశంతోనే చేస్తారు. ఆ పాపకు ఒక అక్క ఉంటే, రేపు సంబంధాలు చూసే ఆ ఇంటికి అదెంత టెన్షనో ఒక్కసారి ఆలోచించండి.

## 4. ముందు చెవి, కన్ను, ఫిట్స్

ప్రశ్నావళి మొదలుపెట్టే ముందే ఈ మూడూ చూడాలి. ఈ మెట్టు దాటేస్తే మిగతాదంతా తప్పుదారి పడుతుంది.

వినికిడి. మాటలు రాని పిల్లలందరినీ ఒకే గాటన కట్టడం చాలాచోట్ల చూస్తాం. వాళ్లలో కొందరికి వినపడకపోవడమే అసలు సమస్య. "టీవీ పెడితే పరిగెత్తుకొస్తాడండి, చెవులు బానే ఉన్నాయి" అని అమ్మ అంటుంది. వెలుతురు చూసి కూడా రావచ్చు కదా. ఇంకో చిక్కుంది. ఆటిజం ఉన్న పిల్లలు చెవులు బాగున్నా పిలిస్తే తిరగకపోవచ్చు. కాబట్టి గిలక్కాయతో తేల్చేయకండి, బెరా లేదా ఆడియోమెట్రీ అనే వినికిడి పరీక్షకు పంపండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ మాట, వినికిడి వైకల్యాల సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. జిల్లాల్లో ప్రభుత్వ ఆసుపత్రి ఈఎన్‌టీ విభాగంలో అడగాలి.

చూపు. వస్తువును మరీ దగ్గరగా పెట్టుకుని చూస్తున్నారా, మెట్టు దగ్గర తడబడుతున్నారా, కళ్లు నిలకడగా లేవా?

ఫిట్స్. "ఫిట్స్ వస్తాయా?" అంటే పూర్తిగా పడిపోయి కొట్టుకోవడమే ఫిట్స్ అనుకుని లేదంటారు. ఇలా అడగండి: ఉన్నట్టుండి కాసేపు శూన్యంలోకి చూస్తూ ఉండిపోతాడా? ఒక చెయ్యో మూతో లాగుతుందా? నెలల బిడ్డయితే, నిద్ర లేచినప్పుడు తల ముందుకు వంగి, చేతులు చాపి ఉలిక్కిపడినట్టు వరసగా వస్తున్నాయా? ఈ చివరిది ఉంటే ఆ రోజే పిల్లల డాక్టర్ దగ్గరికి పంపాలి. ఇంట్లోవాళ్లు దాన్ని ఉలికిపాటు అనుకుని వదిలేస్తారు. అది శిశువుల్లో వచ్చే ఒక రకం మూర్ఛ కావచ్చు, ఆలస్యమైతే ఎదుగుదల దెబ్బతింటుంది. ఫోన్లో వీడియో తీసి డాక్టర్‌కు చూపించమనండి.

## 5. వయసును బట్టి ఏం చూడాలి

మూడేళ్లలోపు. తల్లీబిడ్డల సంరక్షణ కార్డు అడగండి. పుట్టిన బరువు, ఏ నెలలో పుట్టారు, ఎన్‌ఐసీయూ, కామెర్లు, ఏడుపు ఆలస్యం, ఈ వివరాలు ముఖ్యం.

నెలలు నిండకుండా పుడితే వయసు సరిచేసి చూడాలి. రెండు నెలల ముందు పుట్టిన బిడ్డకు ఇప్పుడు 10 నెలలైతే 8 నెలల పనులే ఆశించాలి. రెండేళ్లు నిండేదాకా ఈ లెక్క పాటించాలి.

ఇవి కనిపిస్తే రిఫర్ చేయండి:

- 4 నెలలకు మెడ నిలవకపోవడం
- 9 నెలలకు ఆనుకోకుండా కూర్చోలేకపోవడం
- 18 నెలలకు నడక రాకపోవడం, ఒక్క మాటా రాకపోవడం
- 2 ఏళ్లకు రెండు మాటలు కలిపి అనకపోవడం
- ఒళ్లు బిగుసుకుపోవడం లేదా మరీ వదులుగా ఉండటం, ఏడాదిలోపే ఒక చేతినే వాడటం
- ఏ వయసులోనైనా, వచ్చిన మాట గానీ పని గానీ పోవడం

16 నుంచి 30 నెలల పిల్లలకు ఆటిజం అనుమానం ఉంటే ఎం-చాట్-ఆర్ ప్రశ్నావళి వాడొచ్చు. 20 ప్రశ్నలుంటాయి. స్కోరు 3 నుంచి 7 మధ్య వస్తే అదనపు ప్రశ్నలు అడగాలి, 8 గానీ అంతకు మించి గానీ వస్తే నేరుగా రిఫర్ చేయాలి. ఒకటి గుర్తుపెట్టుకోండి: "వేలితో చూపిస్తాడా?" అన్న ప్రశ్నకు అమ్మలు "ఆ, చూపిస్తాడు" అనేస్తారు. చాలాసార్లు జరిగేది అమ్మ చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి లాక్కెళ్లడం. రెండూ ఒకటి కావు. "మొన్న ఎప్పుడు, దేన్ని చూపించాడు?" అని అడగండి.

బడి వయసు. టీచర్ మాట తప్పనిసరి. బడుల కోసం ఎన్‌సీఈఆర్‌టీ తెచ్చిన ప్రశస్త్ యాప్‌లో ముందు క్లాసు టీచర్, తర్వాత ప్రత్యేక ఉపాధ్యాయులు నింపే చెక్‌లిస్టులు ఉన్నాయి. అది నింపి ఉంటే అడిగి చూడండి. చదువులో వెనకబడటం ఒక్కటే చూసి మేధో వైకల్యం అనుకోవద్దు. పత్తి చేలకు వెళ్లి సగం రోజులు బడి మానేసిన పిల్లకు చదువు రాదు, కానీ సంతలో లెక్క మీకంటే బాగా చెప్తుంది.

18 దాటినవాళ్లు. ఏ నెలకు ఏం రావాలి అన్న మైలురాళ్ల ప్రశ్నలు ఇక్కడ పనికిరావు. డబ్బు, ప్రయాణం, వంట, ఒంటరిగా ఉండగలగడం, ఆడవాళ్లయితే నెలసరి చూసుకోవడం, ఇవి అడగాలి. లోపం చిన్నప్పటి నుంచీ ఉందా, మధ్యలో ప్రమాదం వల్లో జబ్బు వల్లో వచ్చిందా అన్నది కచ్చితంగా రాయాలి. దాన్ని బట్టి చూపించాల్సిన విభాగమే మారిపోతుంది.

## 6. లేబుల్ రాయకండి, చేసే పని రాయండి

మొత్తం స్క్రీనింగ్‌లో ఎక్కువ విలువైనది, ఆ మనిషి రోజూ ఏం చేయగలరో మీ నోట్‌లో రాసే పది వాక్యాలే. సైకాలజిస్టుకు దొరికేది అరగంట. కొత్త చోట, పొద్దున్నే బస్సెక్కి వచ్చిన అలసటలో ఆ పిల్లాడు నోరు విప్పడు. అప్పుడు ఇంటి దగ్గరి సంగతి చెప్పేది మీ కాగితమే.

పనికిరాని నోట్ ఇలా ఉంటుంది: "బాబు, 9 ఏళ్లు. బుద్ధిమాంద్యం, మైల్డ్. సొంత పనులు చేసుకోలేడు."

పనికొచ్చే నోట్ ఇలా ఉంటుంది: "9 ఏళ్లు. అన్నం కలిపి పెడితే తనే తింటాడు, కలుపుకోవడం రాదు. చొక్కా తొడుక్కుంటాడు, బొత్తాలు అమ్మ పెట్టాలి. పగలు దొడ్డికి చెప్పి వెళ్తాడు, కడగాలి. వారంలో మూడు నాలుగు రాత్రులు పక్క తడుపుతాడు. వీధి చివర కొట్టు దాకా ఒక్కడే వెళ్తాడు, చిల్లర ఇవ్వకపోయినా అడగడు. రెండు మూడు మాటలు కలిపి అంటాడు. కొత్తవాళ్లకు అర్థం కావు. ఫిట్స్ లేవు. వినికిడి పరీక్ష చేయించలేదు. చెప్పింది అమ్మ, నాయనమ్మ. అన్నం తినడం, చొక్కా తొడుక్కోవడం నేను చూశాను."

సాంఘిక పరిణతిని కొలిచే వైన్‌ల్యాండ్ స్కేల్‌లో అడిగేవి ఇవే: తిండి, బట్టలు, కదలిక, మాట, నలుగురిలో మెలగడం. మేధో వైకల్యం శాతం తేల్చడంలో ఆ స్కోరే ముఖ్యం. అంటే మీ నోట్ ఎంత వివరంగా ఉంటే శాతం అంత నిజానికి దగ్గరగా వస్తుంది.

ప్రశ్న అడిగే తీరు కూడా ముఖ్యమే. "తింటాడా?" అంటే "తింటాడు" అంటారు. "నిన్న రాత్రి అన్నం ఎలా తిన్నాడో చెప్పండి" అంటే అసలు సంగతి వస్తుంది. కొందరు తల్లులు నామోషీకి "అన్నీ చేసుకుంటాడండి" అంటారు. కొందరు పెన్షన్ పోతుందేమోనని "ఏమీ చేయలేడు" అంటారు. ఇద్దరినీ తప్పుపట్టకండి. ఇంకొకరిని అడగండి, వీలైతే భోజనం వేళకు వెళ్లండి.

ఇష్టాలు, బలాలు కూడా ఒక గడిలో రాయండి. పాటలంటే ఇష్టం, మేకల్ని లెక్కతప్పకుండా తోలుకొస్తుంది, ఇలాంటివి. థెరపిస్టు మొదలుపెట్టేది అక్కడి నుంచే.

## 7. ఎవర్ని ఎప్పుడు పంపాలి

అదే రోజు: పైన చెప్పిన నెలల పిల్లల ఉలికిపాట్లు, ఆగని ఫిట్స్, ఉన్నట్టుండి నైపుణ్యాలు పోవడం, మింగలేక చిక్కిపోవడం. కట్టేసి ఉంచడం, కొట్టడం, లైంగిక వేధింపు ఉన్నాయని అనుమానం వస్తే మీ పైఅధికారికి వెంటనే చెప్పాలి. 18 ఏళ్లలోపువాళ్లపై లైంగిక దాడి సంగతి తెలిసీ పోలీసులకు చెప్పకపోవడం పోక్సో చట్టం కింద నేరం. పిల్లల విషయంలో 1098కి ఫోన్ చేయొచ్చు.

వారంలోపు: అనుమానం ఉన్న మూడేళ్లలోపు పిల్లలందరూ. "పెద్దయితే వాడే మాట్లాడతాడు, వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయి" అన్న మాట వినని ఇల్లు ఉండదు. నాన్న సంగతి నిజమే కావచ్చు. అయినా పంపండి.

నెలలోపు: మిగతావాళ్లు.

## 8. ఎక్కడికి పంపాలి

- 18 ఏళ్లలోపు పిల్లలకు మొదటి గుమ్మం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం, అక్కడి నుంచి జిల్లా సత్వర చికిత్సా కేంద్రం, అంటే డైస్. పరీక్ష, థెరపీ ఉచితం.
- బడి వయసు పిల్లలకు మండలంలోని భవిత కేంద్రం. కదల్లేని పిల్లలకు ఇంటి దగ్గరే చదువు చెప్పే ఏర్పాటు ఉంటుంది, అడిగి తీసుకోవాలి.
- సంక్లిష్టమైన కేసులకు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్ఐఈపీఐడీ, అంటే మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే జాతీయ సంస్థ. దక్షిణ కోస్తావాళ్లకు నెల్లూరులోని కాంపోజిట్ రీజినల్ సెంటర్.

స్లిప్పు మీద కేంద్రం పేరు ఒక్కటే రాసి ఇవ్వకండి. ఏ రోజు, ఏ గది, ఏ బస్సు, ఏం తీసుకెళ్లాలి అన్నీ రాయండి. మొదటిసారి ఆశాతో గానీ మీ సంస్థ మనిషితో గానీ పంపగలిగితే ఇంకా మంచిది. రిఫర్ చేసినవాళ్లు వెళ్లకపోతే అది వాళ్ల అశ్రద్ధ అనుకునే ముందు, ఆ రోజు కూలి పోతుందన్నది లెక్కలో వేసుకోండి.

## 9. వైకల్య సర్టిఫికెట్ రోజు

ఆంధ్రప్రదేశ్‌లో సదరం (వైకల్య నిర్ధారణ శిబిరం) స్లాట్ గ్రామ, వార్డు సచివాలయంలో బుక్ చేస్తారు. తెలంగాణలో మీసేవలో గానీ యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు కార్డు) పోర్టల్‌లో గానీ దరఖాస్తు చేయాలి. 40 శాతం, ఆపైన ఉంటేనే చాలా పథకాలు వర్తిస్తాయి.

వెళ్లేముందు రోజు సరిచూసుకోండి:

- ఆధార్ ఒరిజినల్. పేరు, పుట్టిన తేదీ బడి రికార్డుతో కలుస్తున్నాయా?
- ఆధార్‌కు లింకైన ఫోన్ నంబర్ ఇంట్లో ఎవరి దగ్గరుంది? మెసేజ్ అక్కడికే వస్తుంది.
- పాత రిపోర్టులు, స్కానింగులు, డిశ్చార్జి కాగితాలు, తేదీల వరసలో
- వినికిడి, చూపు పరీక్షల రిపోర్టులు
- మీ నోట్ ఒక కాపీ
- ఫిట్స్ మందులు. ఆ రోజు ఆపకూడదు.
- తాగునీళ్లు, తినడానికి ఏదైనా, మార్చడానికి ఒక జత బట్టలు, ఇష్టమైన బొమ్మ

రోజూ చూసుకునే మనిషే వెంట వెళ్లాలి. ఊళ్లో పలుకుబడి ఉందని మేనమామ వెళ్తాడు. డాక్టర్ "పాలు మరిచింది ఎప్పుడు, నడిచింది ఎప్పుడు?" అంటే నీళ్లు నములుతాడు.

సర్టిఫికెట్ చేతికొచ్చిన రోజే మూడు చూడండి: పేరులో తప్పులు, వైకల్యం రకం, తాత్కాలికమా శాశ్వతమా. చిన్నపిల్లలకు ఎక్కువగా తాత్కాలికంగానే ఇస్తారు. మళ్లీ పరీక్ష తేదీని మీ డైరీలో ఆ తేదీకి ఆరు నెలల ముందు పేజీలోనే రాసుకోండి. శాతం మీద అభ్యంతరం ఉంటే 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 59వ సెక్షన్ కింద అప్పీలుకు వెళ్లొచ్చు. దళారి దగ్గరికి మాత్రం వెళ్లనివ్వకండి.

## 10. కాగితం వచ్చాక

పెన్షన్ దరఖాస్తు పెట్టాక ఫైలు మూసేయడం మామూలైపోయింది. అది సగం పని.

- పెన్షన్: ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద 2024 జులై నుంచి దివ్యాంగులకు నెలకు 6,000 రూపాయలు, పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్లకు 15,000. తెలంగాణలో 4,016.
- నిరామయ: కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ నడిపే ఆరోగ్య బీమా. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకు ఏటా లక్ష రూపాయల దాకా. చేరడానికి వైద్య పరీక్ష అక్కర్లేదు, థెరపీ ఖర్చులకూ పరిమితి మేరకు వస్తుంది. ఏటా రెన్యువల్ చేయాలి. ఎక్కువమంది పోగొట్టుకునేది ఇక్కడే.
- చదువు: 40 శాతం, ఆపైన ఉన్నవాళ్లకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కు. రవాణా, ఎస్కార్ట్ అలవెన్సుల గురించి బడిలో అడగండి.
- పరికరాలు: వీల్‌చైర్లు, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్ల చైర్లు, బోధన కిట్లు కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం క్యాంపుల్లో ఇస్తారు. కొలతలు తీసుకోకుండా ఇచ్చిన వీల్‌చైర్ మూలన పడుతుంది.
- గార్డియన్‌షిప్: 18 నిండాక అమ్మానాన్నలు చట్టప్రకారం తమంతట తామే సంరక్షకులు కారు. ఈ సంగతి చాలామందికి బ్యాంకులో తెలుస్తుంది. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ ఉండే స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు చేయాలి. 17 దాటగానే మాట ఎత్తండి. అందరికీ అది అవసరం ఉండదు. సొంతంగా నిర్ణయాలు తీసుకోగలిగే మనిషికి గార్డియన్‌ని తగిలించడం కూడా అన్యాయమే.

## 11. తరచూ జరిగే పొరపాట్లు, సర్దుబాట్లు

బడిలోనో క్యాంపులోనో ఒక్కసారి చూసి తేల్చేయడం. జ్వరంతో ఉన్న బిడ్డ, నిద్రపోతున్న బిడ్డ, భయపడ్డ బిడ్డ, ముగ్గురూ ఒకేలా కనిపిస్తారు. సందేహముంటే ఇంకో రోజు ఇంటి దగ్గర చూడండి.

"అనుమానం లేదు" అని రాసి మర్చిపోవడం. మూడేళ్లలోపు పిల్లల్ని, అందులోనూ ఎన్‌ఐసీయూ నుంచి వచ్చినవాళ్లను, ఇప్పుడు బాగున్నా ఆరు నెలలకోసారి చూడాలి.

సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్లకు తెలివి తక్కువని అనుకోవడం. నోరు వంకర పోతుంది, చొంగ కారుతుంది, మాట అర్థం కాదు. లోపల అంతా అర్థమవుతూ ఉండవచ్చు. కళ్లతోనో వేలితోనో జవాబు చెప్పే అవకాశం ఇచ్చి అడగండి.

తల్లి నెత్తిన తప్పు వేయడం. "ఫోన్ ఎక్కువ ఇచ్చారా?", "మేనరికమా?" అన్నవి అడగాల్సిన వివరాలే, కానీ అత్తగారి ఎదుట కాదు.

నాటు వైద్యం మీద వాదన. తాయెత్తు కట్టించుకుంటే కట్టించుకోనివ్వండి. ఫిట్స్ మందులు ఆపమన్నవాళ్ల దగ్గర మాత్రం గట్టిగా నిలబడండి.

## 12. ఫాలో-అప్ రిజిస్టర్

ప్రతి కేసుకూ ఒక పేజీ. పైన పేరుకు బదులు కోడ్ నంబర్, ఆ నంబర్ల లిస్టు ఆఫీసు బీరువాలో. గడులు ఐదు చాలు: చూసిన తేదీ, పంపిన చోటు, వెళ్లారా, అక్కడ ఏమన్నారు, తర్వాతి పని ఎవరు ఎప్పటికి చేయాలి.

రిఫర్ చేసిన రెండు వారాలకు ఫోన్. వెళ్లకపోతే కారణం "వెళ్లారా" గడిలో వాళ్ల మాటల్లోనే రాయండి: "కూలి పోతుంది", "ఆయన వద్దన్నాడు", "వెళ్తే డాక్టర్ లేడు". నెలాఖరున ఆ గడి ఒక్కటే చదివితే ఏ ఊరికి బస్సు అడగాలో, ఏ కేంద్రంతో మాట్లాడాలో, ఏ ఇంటికి మళ్లీ ఆదివారం నాన్న ఉన్నప్పుడు వెళ్లాలో తెలుస్తుంది.